కడుపుతో ఉన్నమ్మాయికి తలలో గడ్డ అన్నారు, తల్లి కావాలా బిడ్డ కావాలా అంటున్నారు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మేడమ్, మాది రాజోలు దగ్గర లంక ఊరు, నేను కువైట్‌లో డ్రైవర్‌ని. మా ఆవిడకి 27 ఏళ్ళు, మొదటి కాన్పు, ఇప్పుడు 21 వారాలు. పోయిన నెలాఖర్లో పెరట్లో పని చేస్తా ఫిట్స్ వచ్చి పడిపోయింది. అమలాపురం తీసుకెళ్తే బీపీ బాగానే ఉంది, యూరిన్‌లో ప్రోటీన్ లేదు, గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) కాదన్నారు. ఎమ్మారై తీస్తే ఎడమవైపు ముందు భాగంలో మూడున్నర సెంటీమీటర్ల మెనింజియోమా అనే గడ్డ, చుట్టూ కొద్దిగా వాపు అని వచ్చింది. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటమ్ మాత్రలు రాసి, పెద్దాసుపత్రిలో న్యూరోసర్జన్‌కి చూపించమన్నారు. ఆ మాత్రలు బిడ్డకి పడవని మా అమ్మ వారం నించి ఆపేసింది. మా మావయ్యగారు కడుపు తీయించేద్దాం, నా కూతురు దక్కితే చాలంటున్నారు. బంధువు ఒకాయన కాన్పయ్యేదాకా తల జోలికి వెళ్ళొద్దంటున్నాడు. స్కానింగ్‌తోనే బిడ్డ పాడైపోయి ఉంటుందని ఇంకొకళ్ళు. ఆవిడకి మాత్రం గ్యాస్ వల్ల వచ్చిన తలనొప్పి అని చెప్పాం. తల్లా బిడ్డా, ఎవర్ని దక్కించుకోవాలి మేడమ్?

సమాధానం: తమ్ముడూ, మిగతాదంతా తర్వాత చదువుకోండి, ముందు ఇంటికి ఫోన్ చేసి ఆ ఫిట్స్ మాత్ర ఈ పూటే మళ్ళీ మొదలెట్టించండి. చీటీలో ఎంత రాశారో అంతే, పూటకి ఎన్ని రాశారో అన్నే. ఆ మాత్ర రాసిన డాక్టరుగారికి కూడా ఫోన్ చేసి వారం రోజులు ఆగిపోయిందని దాచకుండా చెప్పండి, డోసు ఏమన్నా మార్చాలంటే ఆయనే చెప్తారు. అమ్మగారి మీద కోప్పడకండి, కడుపుతో ఉన్నప్పుడు మాత్ర మింగితే బిడ్డకి తగులుద్దనే భయం మన వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే, ఆవిడ మనవడి మీద ప్రేమతోనే ఆపింది. కానీ ఇక్కడ బిడ్డకి ప్రమాదం మాత్ర వల్ల కాదు, ఫిట్స్ వల్ల. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్ వచ్చినప్పుడు తల్లికి ఊపిరి సరిగ్గా ఆడదు, ఆ కాసేపూ బిడ్డకి వెళ్ళే ఆక్సిజన్ కూడా తగ్గిపోద్ది, పైగా పొట్ట మీద పడితే మాయ విడిపోయే ప్రమాదం ఉంటుంది, నీళ్ళ దగ్గరో పొయ్యి దగ్గరో పడితే ఇక చెప్పక్కర్లేదు. ఫిట్స్ మందుల్లో గర్భిణులకి బాగా జాగ్రత్త పడాల్సింది వాల్‌ప్రొయేట్ అనే మందు, దానితో పుట్టిన పిల్లల్లో నూటికి పదిమంది దాకా ఏదో ఒక అవకరం కనపడుద్ది, తెలివితేటల మీద కూడా దెబ్బ పడుద్ది. మీవాళ్ళు రాసింది అది కాదు. లెవెటిరాసిటమ్, లామోట్రిజిన్ అనే ఈ రెండూ గర్భిణుల్లో ఎన్నో ఏళ్ళుగా వాడి చూసిన మందులు, ఉన్నవాటిలో నమ్మకమైనవి. నెలలు పెరిగే కొద్దీ ఒంట్లో ఈ మందు తొందరగా బయటికి పోతుంటుంది కాబట్టి డోసు పెంచాల్సి రావచ్చు, అప్పుడు మళ్ళీ కంగారు పడి ఆపొద్దు. ఫోలిక్ యాసిడ్, ఐరన్ కూడా ఆపొద్దు.

స్కానింగ్ సంగతి చెప్తా. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, అది అయస్కాంతంతో తీసే బొమ్మ, గొట్టంలో పడుకోబెడితే డబడబా చప్పుడు వస్తుంది, అంతే. ఏ నెలలోనైనా తీయొచ్చు. గర్భిణుల్లో వద్దనేది గెడోలీనియం అనే రంగు ఇంజెక్షన్, అది మాయ దాటి బిడ్డకి వెళ్ళుద్ది కాబట్టి మరీ తప్పనిసరైతే తప్ప ఇవ్వరు. రిపోర్టులో కాంట్రాస్ట్, అంటే ఆ రంగు మందు, లేకుండా తీశాం అని ఉందేమో చూడండి, మామూలుగా అలాగే తీస్తారు. సీటీ స్కాన్ తీసినా సరే, తలకి తీసే సీటీలో పొట్ట దాకా చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే లోపే, బిడ్డకి హాని చేసేదాన్ని 50 మిల్లీగ్రే పైన లెక్కేస్తారు, ఎక్కడికెక్కడ చూడండి. కాబట్టి స్కానింగ్‌తో బిడ్డ పాడైందన్న మాట ఇంట్లో ఇక ఎవరి నోటా రానివ్వకండి. 18 నించి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ ఉంటుంది, అది తీయించకపోతే ఈ వారంలోనే తీయించండి.

ఇక అసలు జబ్బు. మెనింజియోమా మెదడులోంచి పుట్టదు, మెదడు మీద పొర ఉంటుంది చూడండి, దాంట్లోంచి పుట్టి మెదడుని బయటి నించి నొక్కుద్ది. నూటికి ఎనభై దాకా కేన్సర్ కానివే, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగేవే. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. గర్భం వల్ల పుట్టింది కాదు, ఆవిడ తలలో అది ఎప్పటి నించో ఉండి ఉంటుంది. కానీ ఈ గడ్డల్లో చాలావాటికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ని పట్టుకునే గుణం ఉంటుంది, గర్భంలో ఆ హార్మోన్ విపరీతంగా పెరుగుద్ది, పైగా ఒంట్లో నీరు, రక్తం కూడా పెరుగుద్ది, దాంతో గడ్డ కూసింత ఉబ్బి, చుట్టూ వాపొచ్చి, అప్పటిదాకా నోరెత్తనిది ఇప్పుడు బయటపడుద్ది. కొందరిలో కాన్పయ్యాక మళ్ళీ తగ్గుద్ది కూడా. అందుకని కడుపొచ్చాక జబ్బు తెచ్చుకుందనో, అడుగు పెట్టిన వేళ బాగోలేదనో, గ్రహణమప్పుడు బయటికొచ్చిందనో ఎవరన్నా అంటే మీరు గట్టిగా ఆపాలి.

ఒకటి మాత్రం న్యూరోసర్జన్ని తప్పకుండా అడగండి, ఇది మెనింజియోమానే అని ఆ బొమ్మ చూసి ఎంత నమ్మకంగా ఉన్నారూ అని. మన దేశంలో తలలో గడ్డలాగా కనపడేవన్నీ ట్యూమర్లు కావు, టీబీ గడ్డలుంటాయి, సిస్టిసర్కోసిస్ అని పురుగు తిత్తులుంటాయి, వాటికి ఆపరేషన్ లేకుండా మందులే సరిపోవచ్చు. మెనింజియోమా ఎమ్మారైలో చాలావరకూ పోలిక పట్టేలాగే ఉంటుంది కాబట్టి అనుమానం తక్కువే, అయినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళొద్దు, సీడీ కూడా ఇమ్మనండి, సర్జన్ చూసేది ఆ బొమ్మల్నే.

మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది ఇంకోటుంది. మీ అమ్మగారి మాటుంది, మావయ్యగారి మాటుంది, బంధువుల మాటుంది, మీ భయం ఉంది, ఆ అమ్మాయి మాట ఒక్కటీ లేదు. తల ఆవిడది, కడుపు ఆవిడది. గ్యాస్ తలనొప్పి అని చెప్తే రేపు తలనొప్పి పెరిగినప్పుడు గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంటుంది, ఫిట్స్ మాత్ర ఎందుకో తెలియక తనే మానేస్తుంది, చెయ్యి తిమ్మిరెక్కితే ఎవరికీ చెప్పదు. చెప్పాలి తమ్ముడూ. ఈ రాత్రి మీరే వీడియో కాల్‌లో చెప్పండి, పక్కన వాళ్ళమ్మని కూచోబెట్టి చెప్పండి. తలలో గడ్డ ఉంది, కేన్సర్‌లాంటిది కాదంటున్నారు, నీకూ బిడ్డకీ ఏం కాకుండా చూసే దారులున్నాయి, డాక్టర్ల దగ్గరికి వెళ్ళాక నువ్వే అడుగు, నువ్వు ఎలా అంటే అలా అని చెప్పండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. తెలిశాక ఆడవాళ్ళు గట్టిగా నిలబడతారు, నేను చూసినవాళ్ళంతా అంతే.

మావయ్యగారి మాటకొస్తే, కూతురి మీద బెంగతో అన్నమాట అది, తప్పు పట్టను. కడుపు తీయించినంత మాత్రాన గడ్డ పోదు, అది అక్కడే ఉంటుంది, దానికి చెయ్యాల్సింది ఎలాగూ చెయ్యాలి. 21 వారాల్లో గర్భం తీయడం కూడా చిన్న విషయం కాదు. చట్టం ఏం చెప్తుందంటే, 20 వారాల దాకా ఒక డాక్టరు సరిపోతారు, 20 నించి 24 వారాల మధ్య అయితే చట్టంలో చెప్పినవాళ్ళకే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. తల్లి ప్రాణం కాపాడ్డానికి అప్పటికప్పుడు తీయక తప్పదంటే మాత్రం వారాల లెక్క అడ్డం రాదు. 2021లో మార్చిన చట్టంలో ఉన్నది ఇదే. పెళ్ళయిన ఆడమనిషి అయినా సరే సంతకం తనదే, భర్తదీ తండ్రిదీ అక్కర్లేదు. ఈ రోజుకి, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఒక్కసారే ఫిట్ వచ్చింది, చెయ్యి కాలు పడిపోలేదు, చూపు తగ్గిందని రాయలేదు, వాపు కొద్దిగానే ఉంది, కాబట్టి తల్లా బిడ్డా అని ఎంచుకోవాల్సిన అవసరం నాకు కనపడట్లేదు. ఇద్దరూ దక్కే దారే ముందుంది. అది ఆ అమ్మాయిని ఎంత దగ్గరగా కనిపెట్టుకుని ఉంటారన్నదాని మీదే ఉంది.

ఆపరేషన్ ఎప్పుడు అన్నదానికి మీ బంధువు చెప్పినట్టు కాన్పయ్యేదాకా ముట్టుకోకూడదనే రూలేం లేదు, కనపడగానే కోసెయ్యాలనే రూలూ లేదు. మనిషి బాగుండి, మందులతో ఫిట్స్ ఆగి, గడ్డ పెరగకుండా ఉంటే చాలామంది సర్జన్లు కాన్పు దాకా ఆగుతారు, నాలుగు నించి ఆరు వారాలకోసారి ఎమ్మారై తీస్తా, కంటి పరీక్ష చేస్తా కనిపెడతారు, నెలలు నిండాక బిడ్డని బయటికి తీసి, తల్లి కోలుకున్నాక తల ఆపరేషన్ చేస్తారు. వాపు పెరుగుతున్నా, చూపో కాలో చెయ్యో పోతున్నా, తలలో ఒత్తిడి పెరుగుతున్నా ఆగరు, ఆగకూడదు కూడా. ఆగాలా చెయ్యాలా అనే మధ్యస్థంలో ఉంటే గర్భిణికి ఆపరేషన్ చెయ్యడానికి అన్నిటికంటే మంచి టైము నాలుగు నించి ఆరో నెల దాకా, అంటే మీరిప్పుడు ఉన్నది సరిగ్గా అందులోనే. అప్పటికి బిడ్డ అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి, గర్భం మరీ పెద్దదై అడ్డం రాదు, నొప్పులొచ్చే ప్రమాదం కూడా తక్కువ. మూడున్నర సెంటీమీటర్లంటే చిన్నదేం కాదు, అందుకని కొందరు సర్జన్లు ఏడో నెల వచ్చి ఇంకా ఉబ్బకముందే తీసేద్దాం అనొచ్చు. అలా అన్నారని భయపడి ఇంకో ఊరు పరిగెత్తొద్దు, ఎందుకంటున్నారో అడగండి, కావాలంటే రెండో డాక్టరు మాట కూడా తీసుకోండి. కానీ ఆ పనులన్నీ ఓ వారం పది రోజుల్లో అయిపోవాలి, నెలలు లాగితే ఈ మంచి టైము చేజారిపోద్ది. ఏడున్నర ఎనిమిది నెలల తర్వాత అర్జెంటైతే లెక్క మళ్ళీ మారుద్ది, ముందు సిజేరియన్ చేసి బిడ్డని తీసి, అదే మత్తులో తల ఆపరేషన్ చేసిన సందర్భాలు కూడా ఉంటాయి.

గర్భిణికి తల ఆపరేషన్ అంటే మీకు ఊహకే అందట్లేదు కదా, లోపల ఏం జరుగుద్దో కొంచెం చెప్తా, భయం తగ్గుద్ది. థియేటర్లోకి తీసుకెళ్ళేముందే బిడ్డ గుండె వినే మెషీన్ పెట్టి కొట్టుకోవడం చూసి రాసుకుంటారు. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు కుడి పక్కన నడుం కింద ఒక దిండులాంటిది పెట్టి మనిషిని కొంచెం ఎడమకి ఒరిగేలా చేస్తారు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనక ఉన్న పెద్ద సిర మీద పడి గుండెకి వెళ్ళే రక్తం తగ్గిపోద్ది, తల్లి బీపీ పడిపోద్ది, బిడ్డకి రక్తం అందదు, అందుకని ఆ ఒక్క దిండుకే అంత పట్టింపు. మత్తు డాక్టరు ఆపరేషనంతా తల్లి బీపీ, ఆక్సిజన్ కిందకి జారకుండా చూస్తానే ఉంటారు, తల్లికి అవి సరిగ్గా ఉంటే బిడ్డకీ ఉన్నట్టే. మామూలుగా వాడే మత్తుమందులు, మామూలు డోసుల్లో బిడ్డకి అవకరాలు తెస్తాయని తేలలేదు. మెదడు వాపు తగ్గించే మానిటాల్ మాత్రం గర్భిణుల్లో చాలా కొలిచి ఇస్తారు, అది ఎక్కువైతే బిడ్డ ఒంట్లో నీరు కూడా లాగేస్తుంది. అయిపోయాక మళ్ళీ బిడ్డ గుండె వింటారు, గైనిక్ డాక్టరు వచ్చి నొప్పులేమన్నా మొదలయ్యాయేమో చూస్తారు. మెనింజియోమా రక్తం ఎక్కువగా పోయే గడ్డ కాబట్టి ఇప్పటి నించే ఆవిడ హిమోగ్లోబిన్ చూసుకోండి, గర్భిణికి కనీసం 11 ఉండాలి, మన వైపు చాలామందికి ఉండదు. ఆకుకూరలతోనే అయిపోద్దనుకోకండి, ఐరన్ మాత్రకి పెరగకపోతే ఐరన్ ఇంజెక్షన్లున్నాయి. ఆవిడ గ్రూపు రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని ముందే మాట్లాడి ఉంచుకోండి.

వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వొచ్చు. స్టెరాయిడ్ అనగానే మళ్ళీ ఇంట్లో ఆపేస్తారేమో, అందుకే ముందే చెప్తున్నా. ఒకట్రెండు రోజుల్లోనే తలనొప్పి తేలికవుద్ది దాంతో. షుగర్ పెరగొచ్చు కాబట్టి షుగర్ పరీక్షలు ఎక్కువసార్లు చేస్తారు. కొన్నాళ్ళు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటా రావాలి. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న ఏ గర్భిణికైనా బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడ్డానికి ఇచ్చే నాలుగు ఇంజెక్షన్లు ఉంటాయి చూడండి, మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చేది ఈ మందునే, అంత అలవాటైన మందు. తలనొప్పికి పేరాసిటమాల్ చాలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించడం, ఐబుప్రొఫెన్ మాత్ర మింగించడం చెయ్యొద్దు, 20 వారాలు దాటాక ఆ నొప్పిమందుల వల్ల బిడ్డ మూత్రపిండాల మీద పడి ఉమ్మనీరు తగ్గిపోవచ్చు, 2020లో అమెరికా మందుల సంస్థ ఈ హెచ్చరిక ఇచ్చింది. పైగా సూదితో నొప్పి అణిగిపోతే లోపల ఒత్తిడి పెరుగుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఒత్తిడి పెరగడం ఎలా పసిగట్టాలో ఇంట్లో అందరికీ తెలియాలి. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వచ్చి, దగ్గినా వంగినా ఎక్కువవుతుంటే, అన్నం మీద సంబంధం లేకుండా కక్కుతుంటే, తగ్గిపోయిన వేవిళ్ళు ఐదో నెల దాటాక మళ్ళీ మొదలైనట్టుంటే, చూపు మసకేసినా ఒకటి రెండుగా కనపడినా, మాట తడబడినా, కుడి చెయ్యో కాలో బరువెక్కినా, ముఖ్యంగా మనిషి మత్తుగా మందకొడిగా ఎక్కువ నిద్రపోతున్నా, తెల్లారనివ్వొద్దు, అప్పుడే 108కి ఫోన్ చెయ్యండి. ఎడమవైపు ముందు భాగం గడ్డ కాబట్టి ఇంకోటి కూడా చూడాలి, మనిషి స్వభావం మారడం, ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల ఊరికే చూస్తా కూచోవడం, చిన్నదానికి చిరాకు పడటం. దాన్ని గర్భిణి అలకనో, అత్తింటి మీద కోపమనో కొట్టిపారేస్తారు. నేను చూసిన ఒకమ్మాయి వాంతుల్ని వేవిళ్ళే అనుకుని నెల పైనే గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కించారు, చివరికి ఒక కంటి డాక్టరు పట్టుకున్నారు.

ఆ కంటి పరీక్ష సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇంత చిన్న పరీక్ష ఇంత పెద్ద విషయం చెప్పేది ఇంకోటి లేదు. చీకటి గదిలో కూచోబెట్టి, అవసరమైతే చుక్కలేసి, చిన్న లైటున్న పరికరంతో కంటి వెనక నరం మొదలు చూస్తారు. మామూలుగా అది గుండ్రంగా, అంచులు శుభ్రంగా గీసినట్టు కనపడుద్ది. తలలో ఒత్తిడి పెరిగితే ఆ అంచులు చెరిగిపోయి ఉబ్బుద్ది, పక్కన సన్నగా రక్తపు చారలు కూడా రావచ్చు. ఐదు నిమిషాల పని, నొప్పుండదు, రేడియేషన్ లేదు. అమలాపురంలోనో రాజోలులోనో మీకు దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు దగ్గర ఫండస్, అంటే ఆ కంటి వెనక భాగం, చూసి రాసివ్వమనండి, కాన్పయ్యేదాకా రెండు మూడు వారాలకోసారి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి అని మీరు అడగలేదు గానీ అసలు అడగాల్సింది అదే. న్యూరోసర్జన్, గైనిక్, మత్తు డాక్టరు, నెలలు తక్కువ పిల్లల్ని చూసే యూనిట్, ఈ నలుగురూ ఒకే ఆవరణలో ఉన్న చోటికి వెళ్ళాలి. న్యూరో ఒక ఊళ్ళో, గైనిక్ ఇంకో ఊళ్ళో అయితే ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళకి చేరదు, మధ్యలో నలిగేది మీరు. మీకు కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, రాజోలు నించి అమలాపురం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం దారిలో వెళ్ళిపోవచ్చు. ఇంకా పెద్దదంటే విశాఖలో కేజీహెచ్. ప్రైవేటుకి వెళ్తామంటే రాజమండ్రి, కాకినాడ, విజయవాడల్లో ఉన్నాయి, అక్కడా ముందు అడగాల్సింది ఈ నలుగురూ ఉన్నారా అనే. తెల్ల రేషన్ కార్డుంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో మెదడు ఆపరేషన్లు ఉన్నాయి, ఇదే మనం ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్నది, ఆసుపత్రి గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర ఉంటారు, ఆధార్, కార్డు చూపించి అడగండి, పొలం తాకట్టు పెట్టే ముందు ఆ పని చెయ్యండి. మీకు సెలవు దొరికితే డాక్టర్లతో మాట్లాడే రోజుకి రండి, దొరక్కపోతే ఆ రోజు వీడియోలో ఉండండి, నలుగురు డాక్టర్లూ ఏం నిర్ణయించారో ఒక కాగితం మీద రాసిమ్మనండి.

మీది లంక ఊరన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఇప్పుడు జూన్, ఆవిడకి ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి జులై నించి సెప్టెంబరు, సరిగ్గా వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పటికే లంకల కాజ్‌వేల మీదకి నీళ్ళొస్తాయి, ఆ తర్వాత పడవే దిక్కు. అర్ధరాత్రి ఫిట్ వచ్చిన గర్భిణిని వరద గోదాట్లో పడవెక్కించే పరిస్థితి తెచ్చుకోవద్దు. జులై మొదట్లోనే ఆవిడని ఆసుపత్రికి గంటలోపు రోడ్డు దారి ఉన్న ఊళ్ళో ఎవరి ఇంట్లోనన్నా పెట్టండి, పుట్టిల్లు అలాంటి చోటైతే అక్కడే. ఏడో నెల సీమంతం అక్కడే చేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఊరి ఆశా వర్కర్‌కీ ఏఎన్ఎంకీ జబ్బు పేరు చెప్పి తల్లీబిడ్డల కార్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఇంట్లో జాగ్రత్తలు చెప్తా. కాలవలో, చెరువులో, గోదాట్లో స్నానం వద్దు, కార్తీకమైనా పుష్కరమైనా వద్దు, బాత్‌రూమ్‌లో కూడా గడియ పెట్టుకోకుండా, చెంబుతో పోసుకోవాలి. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాల్సొస్తే రెయిలింగ్ పక్కన నిలబడొద్దు. బండి మీద వెనక కూచోబెట్టి తీసుకెళ్ళొద్దు. పొయ్యి దగ్గర ఒంటరిగా వద్దు. రాత్రి పక్కన ఒక మనిషి పడుకోవాలి, నిద్ర చాలకపోతే ఫిట్స్ తొందరగా వస్తాయి కాబట్టి నిద్రపోనివ్వండి. ఫిట్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం, నీళ్ళు పొయ్యడం ఏవీ చెయ్యొద్దు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్నవి తీసేసి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఆగినట్టే ఆగి మళ్ళీ వచ్చినా 108.

కాన్పు ఎలా అన్నది తలలో ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఒత్తిడి లేకపోతే మామూలు కాన్పు కూడా చెయ్యొచ్చు, చివర్లో తల్లి గట్టిగా ముక్కకుండా పరికరంతో బిడ్డని బయటికి లాగుతారు, ముక్కినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుద్ది కాబట్టి. ఒత్తిడి ఉంటే సిజేరియనే, అదీ వెన్నుకి సూది వెయ్యకుండా పూర్తి మత్తులో. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మన వైపు నర్సింగ్‌హోముల్లో సిజేరియన్లన్నీ వెన్ను సూదితోనే చేస్తారు, మామూలు మనిషికి అది మంచిదే, తలలో గడ్డ నొక్కుతున్న మనిషికి మాత్రం వెన్నులో నీరు కారితే పైనున్న మెదడు కిందకి జారి ప్రాణం మీదకి రావచ్చు. అర్ధరాత్రి నొప్పులొచ్చాయని దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోముకి వెళ్ళాల్సొస్తే గుమ్మంలోనే ఎమ్మారై ఫైలు చూపించి, తలలో గడ్డ ఉందని మత్తు డాక్టరుకి చెప్పాలి, ఆ తర్వాతే మిగతావి.

ఇది చదివే వేరే వాళ్ళ కోసం రెండు ముక్కలు. గర్భిణుల్లో పిట్యుటరీ అని మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథిలో గడ్డలు కూడా బయటపడతాయి, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎక్కువై నెలసరి రాక, దాన్ని తగ్గించే కేబర్గోలిన్ మాత్ర వాడాక కడుపొచ్చినవాళ్ళు ఉంటారు. సెంటీమీటరు లోపు గడ్డలైతే చాలావరకు ఆ మాత్ర ఆపేసి చూస్తారు, పెద్దవైతే ఆపొచ్చో లేదో డాక్టరే చెప్పాలి, పక్కల చూపు తగ్గితే వెంటనే వెళ్ళాలి. గ్లయోమా లాంటి మెదడులోంచే పుట్టే గడ్డలకి లెక్కే వేరు, వాటిలో రేడియేషన్, కీమో కూడా మాట్లాడాల్సి వస్తుంది, మీ గడ్డ దానికి సంబంధించింది కాదు కాబట్టి ఇంటర్నెట్‌లో అవి చదివి బెంబేలు పడకండి.

కాన్పయ్యాక కూడా ఫిట్స్ మాత్ర వాడతానే పాలివ్వొచ్చు, బిడ్డ మరీ మగతగా ఉందేమో, పాలు సరిగ్గా తాగుతుందో లేదో చూసుకుంటే చాలు. పథ్యం పేరుతో బాలింతకి మంచినీళ్ళు తగ్గించకండి, బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బు మన దేశంలో ఎక్కువే, నీళ్ళు తక్కువైతే ఆ ప్రమాదం పెరుగుద్ది, మళ్ళీ తలనొప్పి ఫిట్స్ అంటే ఏది దేనివల్లో తేల్చుకోలేక నానా యాతన. ఇంకోటి, ఎవరూ చెప్పకపోవచ్చు గానీ చాలా ముఖ్యం, కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రిలో పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి అంతర అనే ఇంజెక్షన్ ఇస్తారు, అందులో ఉండే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్‌కీ మెనింజియోమాకీ సంబంధం ఉందని 2024లో ఫ్రాన్స్‌లో చేసిన పెద్ద పరిశీలనలో కనపడింది. మీ ఆవిడకి అది వద్దు. హార్మోన్ లేని కాపర్‌-టీ వేయించుకోమనండి. రెండో బిడ్డ ఊసు గడ్డ తీసేసి, ఆ ముక్క పరీక్ష రిపోర్టు వచ్చి, తర్వాత తీసిన ఎమ్మారైలో ఏం మిగల్లేదని న్యూరోసర్జన్ చెప్పాకే.